నల్లబడ్డ మంచం పట్టెలు

అది 2023 ఎండాకాలం. వరంగల్ కొత్తవాడలోని నా వడ్రంగి షెడ్డుకు ధర్మసాగర్ దగ్గరి పల్లె నుంచి కొమురమ్మక్క తన మంచం చూసుకోవడానికి వచ్చింది. చనిపోయిన భర్త బావి గట్టున పెంచిన టేకుచెట్టును కొట్టించి, ఆ కర్రతోనే మంచం చేయమని నాకు అప్పగించింది. దుంగలను ఆమె ఇంట్లోనే ఉండే మరిది ట్రాక్టర్‌లో తెచ్చి దింపాడు.

తలవైపు పలక చూసి ఆమె ముఖం వెలిగింది. పక్క పట్టెల దగ్గరికి రాగానే ఆగిపోయింది. వాటి అంచుల పొడవునా నల్లటి చారలు. వేలితో గీకి, వంగి వాసన చూసింది.

“ఇది కాలిన కట్టె. మా చెట్టు ఎన్నడు కాలలే. తొవ్వల మా మరిది మార్చిండా, ఈడికొచ్చినంక నువ్వు మార్చినవా భాయ్?”

“ఎవ్వరు మార్చలే అక్కా. అంచులు గుండ్రంగ చేసే మిషన్ రాపిడికి మాడినయి.”

“మరి తలపలక ఎందుకు మాడలే? అది గూడ గదే మిషన్ మీద చేసినవు గద.”

ఆ మిషన్ పేరు రౌటర్. దానికి బిగించే కత్తిని బిట్ అంటాం. స్పీడు ఎక్కువైనా, పదును పోయినా, చెయ్యి ఒకచోట ఆగినా కర్ర మాడుతుంది. ఇక్కడ అవేవీ జరిగినట్టు లేవు. ఒక్క క్షణం నాకూ ఆమె మరిది మీదికే అనుమానం పోయింది. దుంగలు దింపిన రోజు అతను మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

“ఇంటికాడ ఆ చెట్టు ముక్క ఏమన్న ఉన్నదా అక్కా?”

“మొదలు కాడ కోసిన తునక ఉన్నది. నేనే తెస్త. ఎవ్వరికి చెప్ప.”

మర్నాడు దాన్ని కొంగులో చుట్టుకుని తెచ్చింది. నా చేతికివ్వకుండా తనే బల్ల మీద పెట్టింది. బిగించి, అంచు మీద రౌటర్ నడిపాను. సన్నగా పొగ లేచింది. ఆమె తెచ్చిన తునక కూడా పట్టెల్లాగే నల్లబడింది.

అప్పుడు బిట్ విప్పి చూశాను. దాని కొసన చిన్న బేరింగ్ ఉంటుంది. అది కర్ర అంచును ఆనుకుని దొర్లుతూ కత్తికి దారి చూపాలి. జిగురు, పొట్టు పట్టి అది బిగుసుకుపోయింది. దొర్లడం మాని, కత్తితో పాటే గిర్రున తిరుగుతూ అంచును ఒరుసుకుంటోంది. తలపలక చేసినప్పుడు బాగానే ఉండి, తర్వాత పట్టేసి ఉంటుంది.

కొత్త బేరింగ్ వేశాను. స్పీడు తగ్గించి, మూలల్లో ఆగకుండా, పలుచగా రెండుసార్లు నడిపాను. తునక అంచు శుభ్రంగా వచ్చింది.

ఆమె మెత్తబడలేదు. “తునక నాదే. పట్టెలు నాయే అని ఎట్ల నమ్మాలె?”

“నీ ముంగటనే చేస్త. కూసో అక్కా.”

పట్టె మీది నలుపు పొట్టులా లేచిపోయి లేత బంగారు రంగు బయటపడింది. ఆమె తునకను దాని పక్కన ఆనించి రంగు, గీతలు చాలాసేపు పోల్చింది. రెండింటి వాసనా చూసింది. తర్వాత మరిదికి ఫోన్ చేసింది.

“మల్లేశా, మంచం మంచిగైంది. నువ్వే వచ్చి తీస్కపోవాలె.”

ఫోన్ పెట్టేసి, నా వైపు చూడకుండా అంది: “నిన్నటి సంది వానికి అన్నం గూడ సక్కగ పెట్టలే భాయ్.”

ఇప్పుడు బిట్ బిగించే ముందు ప్రతిసారీ బేరింగ్‌ను వేలితో తిప్పి చూస్తాను. మాడిన చారను గీకి తీసేయొచ్చు. దాన్ని చూసి పుట్టిన అనుమానం మాత్రం నా షెడ్డు దాటి ఒక ఇంటి వంటగది దాకా పోతుందని ఆ మంచం చేసినప్పుడే తెలిసింది.