మిఠాయి డబ్బాలో పిట్ట

మా ఇల్లు మట్టెవాడలో. ఆయన పోయాక ఇల్లు మరీ మూగబోయిందని మా అమ్మాయి ఒక పిట్టను కొనుక్కొచ్చి పెట్టింది. ఫించ్ అంటారట. గుప్పిట్లో పట్టేంత ఉంటుంది, ముక్కు మాత్రం పండు మిరపకాయ. నేను మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి పోతాను. రోజంతా ఆ ఎరుపే చూసి ఇంటికొస్తే ఇక్కడా అదే ఎరుపు. పిల్లలు బూర ఊదినట్టు పీప్, పీప్ అని అరిచేది. కొర్రలు పోస్తూ దానితో మాట్లాడేదాన్ని. అది చూసి పక్కింటామె ఒకనాడు, "మా అన్నతోటి గిన్ని ముచ్చట్లు పెట్టినవా వదినె?" అంది. నేనూ నవ్వాను. నవ్వాను గానీ, అప్పటినుంచి ఎవరన్నా వస్తుంటే పిట్టతో మాట్లాడడం ఆపేసేదాన్ని.

చలికాలం పొద్దున. కాస్త ఎండ తగలనీ అని పంజరాన్ని అరుగు మీద పెట్టి నల్లా దగ్గరికి పోయాను. తిరిగొచ్చేసరికి పిల్లి ఊచల్లోకి పంజా పెట్టి పిట్ట రెక్కను బయటికి గుంజుతోంది. బిందె అక్కడే వదిలేసి చెంబు విసిరితే పిల్లి పారిపోయింది. పిట్ట ఒక మూలకు ఒరిగి ఉంది. ఎడమ రెక్క వేలాడుతోంది. ఊచలకు నెత్తురు, నెత్తురుకు అంటుకొని సన్నటి ఈకలు.

కొబ్బరినూనెలో పసుపు కలిపి పూశాను. మనిషికైనా గొడ్డుకైనా మాకు తెలిసిన మందు అదే. ఒక మిఠాయి డబ్బాకు దబ్బనంతో బొక్కలు పొడిచి, లోపల పాత చీర పేలిక పరిచి, పిట్టను అందులో పెట్టి, ఆటో ఎక్కి పశువుల దవాఖానకు పోయాను.

అక్కడ బర్రెలు, దూడలు, మేకలు. వాటి తాళ్లు పట్టుకొని ఊళ్ల నుంచి వచ్చిన మనుషులు. పిట్టను తెచ్చినది నేనొక్కదాన్నే. అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోదామా అనుకుంటుండగా, యార్డులో నా పక్కన కూర్చొని పని చేసే ఆమె కనబడింది. పాలిచ్చే బర్రెకు జ్వరమని తోలుకొచ్చిందట.

"ఏందక్కా, నువ్వెప్పుడు కొన్నవ్ బర్రెను? మాకు చెప్పనే చెప్పకపోతివి" అంది.

"నాకెక్కడి బర్రె. మా చెల్లె మేకకు పురుగుల మందు కావాలంటే వచ్చిన."

ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. నోట్లో ముందే తయారుగా ఉన్నట్టు వచ్చింది.

"మరి ఆ డబ్బా ఏంది? డాక్టరమ్మకు మిఠాయా?"

"ఆ."

"మేక మందుకే మిఠాయి పెడుతాందంటే, బర్రె మందుకు నేను బిర్యానీ తేవాలె గావచ్చు" అంది ఆమె. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒక ముసలాయన, "మాకో ముక్క పెట్టరాదు బిడ్డా, పొద్దున చాయ్ గూడ తాగలే" అన్నాడు. నేను డబ్బాను కొంగు కిందికి లాక్కున్నాను.

లోపల పిట్ట కదిలింది. గోళ్లు అట్టకు గీరుకున్నాయి. తర్వాత పీప్ అంది.

"ఎవలదో ఫోన్ మోగుతాంది సూడుండ్రి" అన్నాడు ముసలాయన.

నేను డబ్బాను కడుపుకు ఒత్తి పట్టుకొని, అరవకే తల్లీ, జర సేపు అరవకు అని మనసులో మొక్కుకున్నాను. అది అరవలేదు. కదలడం కూడా మానేసింది. నాకు పాణం నిమ్మళమైంది. దెబ్బ తిన్న పిట్ట సప్పుడు చేయకపోతే నాకు నిమ్మళమైంది.

నా వంతు వచ్చింది. డాక్టరమ్మ బల్ల చుట్టూ అందరూ మూగి ఉన్నారు. "ఏందమ్మా?" అని అడిగింది. డబ్బా ఇంకా కొంగు కిందనే ఉంది. "మేకకు పురుగుల మందు" అన్నాను. మేక ఎంత బరువుంటుందని అడిగితే, లేని మేకకు బరువు కూడా చెప్పాను. గోళీలు ఇచ్చింది. అవి పట్టుకొని ఇంటికి వచ్చాను.

మూత తీస్తే పిట్ట ఉబ్బి ఉండలా కూర్చొని ఉంది. నూనెకు ఈకలు అతుక్కుపోయి చర్మం కనబడుతోంది. వణుకుతోంది.

మర్నాడు దవాఖాన తలుపు తీయకముందే పోయి నిలబడ్డాను. మనుషులు రాకముందే పని కావాలని. డాక్టరమ్మ పిట్టను అరచేతిలోకి తీసుకొని రెక్కను మెల్లగా విప్పి చూసింది.

"నూనె ఎందుకు పూసినవమ్మా? ఈకలు తడిస్తే పిట్టకు చలి ఆగదు. పిల్లి గోరుకు విషం ఉంటది, ఎంబడే మందు పడాలె. రెక్క కూడా ఎండిపోయింది, కొస తీసెయ్యాలె. నిన్ననే తెస్తే కట్టు కట్టి చూసేదాన్ని" అంది. తర్వాత తలెత్తి నా ముఖం చూసింది. "నిన్న వచ్చినవ్ గదా నువ్వు, మేకకని?"

తలూపాను.

"అప్పుడు పిట్ట ఎక్కడుంది?"

"డబ్బాల."

ఆమె దూది తీసుకొని నూనె తుడవసాగింది. తిట్టినా బాగుండేది. నూనె పోయాక రెక్క కొస తీసేసి కట్టు కట్టింది.

పిట్ట బతికింది. చుక్కల మందు ముక్కు పక్క నుంచి వేశాను, కొర్రలు నానబెట్టి పెట్టాను, పంజరంలో అది కూర్చునే పుల్లలు కిందికి దించి కట్టాను. ఇప్పుడు గెంతుతుంది. ఎగరబోయి పక్కకు పడుతుంది. పడి, మళ్లీ లేచి, ఏమీ కానట్టు గింజలు తింటుంది. నేను అటు చూడను.

మా అమ్మాయి వచ్చి రెక్క చూసి ఏడ్చింది. పిల్లి పట్టిందని చెప్పాను. "నువ్వేం చేస్తవమ్మా, దవాఖానకైతే తీసుకపోయినవ్ గదా" అని నన్నే ఓదార్చింది. ఊఁ అన్నాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు. ఇదంతా నేను చెప్తుంటే రాస్తున్నది ఆ అమ్మాయే. మేక మాట దగ్గరికి వచ్చినప్పుడు పెన్ను ఆపి నా వైపు చూసింది. రాయి బిడ్డా, అన్నాను.  తర్వాత తల వంచుకొని రాసింది. అప్పటి నుంచి నాతో మాట్లాడకుండా రాస్తోంది.