వెలుతురు మింగలేని ఆకులు

మా అత్త నారు షెడ్డులోకి అడుగుపెడితే గొంతు తగ్గిస్తుంది, పసిపిల్లలు నిద్రపోతున్న గదిలోకి వెళ్ళినట్టు. బడి మానేశాక ఆమె వెనకే తిరగడంతో నాకూ అదే అలవాటైంది.

ఆ ఏడు మిగిలిన దోస గింజంతా ట్రేల్లో పోసేశాం. నారు పోతే మళ్ళీ వేయడానికి ఏమీ లేదు, చేను బీడుపడాల్సిందే. మొలకలు ఆకులు విప్పాయో లేదో చలి దిగింది. అప్పటినుంచి నారు ఎదగలేదు, వాడనూ లేదు. మైనంతో చేసినట్టు పచ్చగా, కదలకుండా నిలబడింది. రోజూ చూసేదాన్ని కనుక నాకు భయం వేసేది. బతికున్నది కాస్తయినా మారాలి కదా.

అత్త పొద్దున్నే ఒక ఆకును చెంపకు ఆనించి చూసేది. చల్లగా తగిలితే, బయట ఎండ ఎంత కాస్తున్నా నారు మీద కప్పిన గోనెపట్టాలు తీయనిచ్చేది కాదు.

"ఆకు ఎండ తినే కదత్తా బతికేది?"

"ఒళ్ళు చల్లబడితే దానికి అరగదే. నోరు మూసుకోవడమూ చేతకాదు. వెలుతురు లోపలికి పోతూనే ఉంటుంది. మింగలేక కక్కలేక లోలోపలే కాలిపోతుంది."

లారీ తోలే మామయ్య ఆ వారమే ఇంటికొచ్చాడు. పట్టాలు చూసి నవ్వాడు.

"ఏమే, మొక్కలకు దుప్పట్లు కప్పి జోకొడుతున్నావా? నాకెప్పుడైనా కప్పావా?"

"అవి గురక పెట్టవు," అంది అత్త.

మర్నాడు వేళ్ళు వంగని చలి. ఆకాశంలో మబ్బు తునక లేదు. నేనూ అత్తా నీళ్ళకు వెళ్ళాం. పంపు బిగుసుకుపోయి ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి పట్టాలన్నీ మడతపెట్టి ఉన్నాయి. షెడ్డుకు గోడలేని తూర్పువైపు బకెట్ బోర్లించుకుని కూర్చుని, నారుకు వీపు పెట్టి మామయ్య ఎండలో చలి కాచుకుంటున్నాడు. అతని నీడ ట్రేల మధ్యలో పడుతోంది.

"పాపం, అవీ కాస్త వెచ్చబడతాయని తీశానే."

అత్త ఆకును చెంపకు ఆనించింది. ఇంకా చల్లగానే ఉంది. ఇద్దరం గబగబా అన్నీ కప్పాం.

మరుసటి రోజుకు నారు తెల్లబడింది. కాడలు నిటారుగానే ఉన్నాయి, ఆకులు పరుచుకునే ఉన్నాయి, రంగొక్కటే పోయింది. మధ్యలో మాత్రం ఒక పచ్చటి మచ్చ. అంచులు చెదిరినా భుజాలు తెలుస్తున్నాయి, ఆ పైన తల. మామయ్య దాన్ని చూసి గబుక్కున పక్కకు జరిగాడు. అది జరగలేదు.

"పీకెయ్యవే దాన్ని," అన్నాడు, గొంతు తగ్గించి.

"పీకితే చేలో ఏం నాటుతాం? బతికింది అదే."

చలి తగ్గాక ఆ మొక్కలే తీసి, ఇంటివైపు మూలన నాటాం. మిగతా చేనంతా బోసిగా ఉంది. మామయ్య గట్టు మీదే ఆగిపోయాడు.

"నన్ను పాతిపెడుతున్నట్టుందే."

అత్త నవ్వలేదు. మొక్క మొదట్లో మట్టి నొక్కుతూ, తలెత్తకుండా అంది. "ఇటు రా. ఎండ నేరుగా పడుతోంది. ఇవి తేరుకునేదాకా అడ్డంగా నిలబడు."

మామయ్య గట్టు దిగాడు. వాటికి వీపు పెట్టి, కదలకుండా నిలబడ్డాడు.