పాత బండిలో పిండి, కొత్త బండిలో పిండి

మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది మా ఇంటికి ఒక పాత పికప్ బండి వచ్చింది. ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో మేమున్న అపార్ట్‌మెంట్లలో అందరివీ కార్లే. సామాన్ల బండి సొంతంగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు. అందుకని అది ఎవరింటికి ఏ సోఫా తెచ్చిందోనని కొన్నాళ్లు జనం బాల్కనీల్లోంచి తొంగిచూశారు.

అప్పటికే నేను ఇడ్లీపిండి రుబ్బి అమ్ముతున్నాను. కాకినాడ నుంచి ఇక్కడికొచ్చిన కొత్తలో సరైన ఇడ్లీ దొరక్క మా కోసం రుబ్బుకునేదాన్ని. పక్క ఫ్లాటు వాళ్లు అడిగారు. తర్వాత పై అంతస్తు వాళ్లు. ఆ తర్వాత లక్ష్మీ నగర్‌లో కోచింగ్ పిల్లలకు మెస్ నడిపే నల్లగొండ ఆవిడ. ఆవిడ మాట మీద బేర్ సరాయ్‌లో మరో మెస్ వాళ్లు. పిండి డబ్బాలు ఆటోలో పంపేదాన్ని. ఆ ఆటో భయ్యా ఒక రోజు వస్తే ఒక రోజు ఫోన్ ఎత్తేవాడు కాదు.

ఆయన కంపెనీలో ఒక టీము మొత్తాన్ని తీసేశారు. అందులో ఈయనా ఉన్నారు. కొన్నాళ్లు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటర్వ్యూలు ఇచ్చారు. ఒకరోజు పొద్దున్న కాఫీ తాగుతూ, "ఖాళీగానే ఉన్నాను కదా, పిండి నేనే దింపొస్తాను. ఏదైనా సెకండ్ హ్యాండ్ బండి చూద్దాం" అన్నారు.

మా అమ్మాయి అప్పుడే కాలేజీలో చేరింది. దానికి తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే. "పాపా, ఆప్ టెంపో చలాయేంగే?" అంది.

"ఏం, ఎందుకు నడపకూడదు?" అన్నారాయన. అందులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

సాహిబాబాద్ మండీలో కూరగాయలు తోలిన డీజిల్ బండి అది. ఎంత కడిగినా వెనక తొట్టిలో కొత్తిమీర వాసనా ఉల్లిపాయల వాసనా కలిసే వచ్చేవి. నా వైపు అద్దం పైకి రావాలంటే ఒక చేత్తో పిడి తిప్పుతూ రెండో చేత్తో అద్దాన్ని ఎత్తాలి. ఇంజిను మా సీటు కిందే ఉండేది. చలికాలంలో హాయి, వేసవిలో పెనం మీద కూర్చున్నట్టే. నా కాళ్ల దగ్గర రేకు తుప్పుపట్టి రూపాయి బిళ్లంత చిల్లు పడింది. ఆయన అట్టముక్క వేస్తానంటే నేను వద్దన్నాను. ఆ చిల్లులోంచి రోడ్డు కనిపించేది. తారు పోయి సిమెంటు వచ్చేది, సిమెంటు పోయి గతుకు వచ్చేది. నేను తలవంచుకుని అదే చూస్తూ కూర్చునేదాన్ని.

చప్పుడు మాత్రం చెప్పనలవి కాదు. పక్కపక్కనే కూర్చున్నా అరిచి మాట్లాడుకోవాల్సిందే. ఇంట్లో నాలుగు ముక్కలు కూడా గట్టిగా మాట్లాడని మనిషి, ఆ బండిలో గొంతెత్తి తన ఆఫీసు సంగతులు చెప్పేవారు. ఏళ్ల తరబడి పనిచేసిన చోట ఎవరితో కలిసి భోంచేసేవారో, ఏ మేనేజరంటే భయమో, నాకు అప్పుడే తెలిసింది. అంత శబ్దంలో చెప్పినవి ఎవరూ వినరన్న ధైర్యమో ఏమో.

ఢిల్లీ చుట్టుపక్కల వయసు మీరిన డీజిల్ బండిని తిరగనివ్వరు. దాని గడువు దగ్గర పడింది. బరేలీ వైపు ఒకాయన కొనుక్కుంటానన్నాడు గానీ, బండి వేరే చోటికి పోవడానికి కావలసిన కాగితం రావడానికి కొంత సమయం పట్టేలా ఉంది. ఈలోగా మేం కొత్తది తీసుకున్నాం. అదీ చవక రకమే, సీఎన్‌జీతో నడిచేది. అలా కొన్ని వారాలు మా గోడ పక్కన పాతదీ కొత్తదీ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉండేవి.

కొత్త బండిలో ఏసీ ఉంది. బెల్టు పెట్టుకోకపోతే పిట్టలా కూస్తుంది. గేరు ఎప్పుడు మార్చాలో ముందున్న చిన్న తెరమీద బాణం గుర్తు చూపిస్తుంది. స్టీరింగు ఒక్క చేత్తో తిరుగుతుంది. మేం అరవాల్సిన పని లేకపోయింది. విచిత్రమేమిటంటే, మాటలు కూడా తగ్గిపోయాయి. సీఎన్‌జీ పంపు దగ్గర మాత్రం గ్యాసు పట్టేటప్పుడు అందరూ దిగాలి. ఆ వరసలో మా వంతయ్యేదాకా రోడ్డు పక్కన నిలబడి మళ్లీ కబుర్లాడుకునేవాళ్లం.

కొత్త బండి వచ్చిన కొద్దిరోజులకే నల్లగొండ ఆవిడ ఫోన్ చేసింది. ఆవిడ మొహమాటపడుతోందని గొంతులోనే తెలుస్తోంది.

"అక్కా, ఏమనుకోకుర్రి. ఈ నడుమ ఇడ్లీలు పొంగుతలేవు. అప్పాల లెక్కొస్తున్నయి. పోరగాండ్లు తినకుంట లేస్తున్రు."

నాకు తల కొట్టేసినట్టయింది. అదే పిండి ఇంట్లో వేస్తే ఇడ్లీ దూదిలా వస్తోంది. ముందు మినపప్పును అనుమానించాను. దుకాణం మార్చాను. నానబెట్టే నీళ్లు మార్చాను. చలి ముదురుతోంది కదా అని డబ్బాలకు దుప్పట్లు చుట్టాను. రెండు రోజులాగి ఆవిడ మళ్లీ అదే మాట చెప్పింది. ఈసారి బేర్ సరాయ్ వాళ్లు కూడా చెప్పారు. డబ్బాల మూతల చుట్టూ పిండి చిమ్మి ఎండిపోయి ఉంటోందని కూడా అన్నారు.

"పాత బండిలో ఎప్పుడైనా చిమ్మిందా?" అని ఆయన్ని అడిగాను.

"లేదు. కానీ అది డొక్కు బండి కదా. ఇది ఎంత మెత్తగా పోతోంది" అన్నారు.

"మనం కూర్చునే చోట మెత్తగా పోతోంది. వెనకాల ఎలా ఉందో మనకేం తెలుసు?"

ఆ మాట అన్నాక నాకు ఇక ఆగబుద్ధి కాలేదు. ఆదివారం పొద్దున్నే ఒకే గిన్నెలో పులిసిన పిండిని రెండు గాజు సీసాల్లో పోశాను. పిండి ఎంతవరకు పొంగి ఉందో అక్కడ మా అమ్మాయి గోళ్లరంగుతో ఎర్రగీత పెట్టాను. మా ప్రహరీ వెనక సందులో వాహనాలు తిరగవు, స్పీడు బ్రేకర్లు మాత్రం వరసగా ఉన్నాయి. అక్కడ రెండు బండ్లలోనూ వెనక తొట్టిలో పీట వేసుకుని కూర్చుని చూస్తానన్నాను.

"పడతావే" అన్నారాయన.

"మెల్లగానే పోనివ్వండి. అంచు పట్టుకుని కూర్చుంటాను."

"మమ్మీ, మై భీ బైఠూంగీ" అంటూ అమ్మాయి కూడా ఎక్కేసింది. పాత బండి కొన్న కొత్తలో, దాని పక్కన స్నేహితురాళ్లకు కనపడకూడదని ఇంకో గేటులోంచి వెళ్లిన పిల్ల అది.

ముందు పాతది. రేకులు గడగడలాడాయి. గొళ్లేలు మోగాయి. చెవులు చిల్లులు పడ్డాయి గానీ, గతుకు వచ్చినప్పుడల్లా బండి వెనక భాగం నిదానంగా కుంగి నిదానంగా లేచింది. నడివయసు మనిషి కుర్చీలోంచి లేచినట్టు. సందు చివర దిగి చూస్తే సీసాలో పిండి గీత కంటే కాస్త దిగింది, అంతే.

తర్వాత కొత్తది. చప్పుడే లేదు. మొదటి బ్రేకరు దగ్గర నేను పీట మీంచి పైకి లేచి మళ్లీ పీట మీదే పడ్డాను. రెండో దాని దగ్గర పీట ఒకవైపు, నేనొకవైపు. ఆపమని అరిచాను. ఆయన చలికి అద్దాలు పూర్తిగా ఎత్తేసుకున్నారు, ఏం వినపడుతుంది? అమ్మాయి నవ్వాపుకోలేక ఫోన్ చేసి, "పాపా, రోకో" అంది. సీసాలో పిండి బాగా కిందికి కూలిపోయింది. పొంగినదంతా చచ్చి, నీళ్ల పెరుగులా ఉంది.

ఆయన దిగి, ఫోన్ లైటు పట్టుకుని రెండు బండ్ల కిందా దూరి చూశారు. చొక్కానిండా దుమ్ముతో బయటికొచ్చి నన్ను కూడా వంగి చూడమన్నారు. పాత బండి కింద స్ప్రింగుల్లా పనిచేసే ఇనప కమాను పట్టీలు ఏళ్ల తరబడి మోసీ మోసీ చదునైపోయాయి. కొత్తదాని పట్టీలు లాగిపెట్టిన విల్లులా ఉన్నాయి.

"ఇది బోలెడు బరువు మోయడానికి చేసింది. మన డబ్బాలు దీనికో బరువే కాదు. అందుకే ఎగరేస్తోంది" అన్నారాయన. ఉద్యోగం పోయాక ఆయన మొహంలో అంత ఉత్సాహం అదే మొదటిసారి చూశాను.

"అయితే బరువు పెడదాం" అన్నాను.

ఇంట్లో నిలవ ఉన్న బియ్యం బస్తాలన్నీ లిఫ్టులో దించి తొట్టిలో వేశాం. బండి వెనక భాగం కొంచెం కిందికి దిగింది. కొత్త సీసా, కొత్త గీత, మళ్లీ అదే సందు. ఈసారి నేను పీట మీదే ఉన్నాను. పిండి కూడా దాదాపు గీత దగ్గరే ఉంది.

ఆ వారమంతా బియ్యం బస్తాలు మాతోపాటే ఊరంతా తిరిగి ఇంటికొచ్చాయి. అది చూసి నల్లగొండ ఆవిడ నవ్వింది.

"మల్ల వాపస్ ఎందుకు తీస్కపోతున్రక్కా? ఇడ్లీ బియ్యమే కదా, నాకే దించున్రి. నేను గూడ కొంటనే ఉన్న."

బియ్యం బరువు చివరిదాకా బండిలో ఉండాలని అప్పటినుంచి దారి మార్చాం. ముందు దూరంగా ఉన్న బేర్ సరాయ్‌కి వెళ్లి, తిరిగొస్తూ లక్ష్మీ నగర్‌లో చివరి పిండి డబ్బాతోపాటు బియ్యం దింపేవాళ్లం. ఇడ్లీలు మళ్లీ పొంగాయి. బియ్యం, మినపప్పు అడిగేవాళ్లు కూడా ఒక్కొక్కరే తోడయ్యారు.

పాత బండి కోసం బరేలీ ఆయన తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కమాను పట్టీలు కొత్తవి వేయిస్తానన్నాడు. వేయించవద్దని చెప్పాలనిపించింది గానీ, అతను దానిమీద ఇటుకలు తోలతానన్నాడు. ఇటుకలకు పొంగడంతో పనేముంది?

ఆ తర్వాతి వేసవిలో మా ఆయనకు గుర్‌గావ్‌లో ఉద్యోగం దొరికింది. చేరనా వద్దా అని నన్నే అడిగారు. ఆయనకు బండి మీద మనసుందని తెలుసు. "చేరండి. బండి నేను నడుపుతాను" అన్నాను. నాకు కారు లైసెన్సు ఉంది గానీ, పాత బండి స్టీరింగు నేను ఒకసారి పట్టుకుని వదిలేశాను. అది తిప్పాలంటే భుజాల్లో బలం ఉండాలి. కొత్తది అలా కాదు. కొన్ని ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని నేర్పారు. ఏ మాటకామాటే చెప్పాలి, ఆయన చెప్పినదానికంటే తెరమీది బాణమే నాకు ఎక్కువ నేర్పింది.

మొదటిసారి ఒంటరిగా బేర్ సరాయ్ వెళ్లినప్పుడు, మెస్ సందు మొదట్లో ఒక పుస్తకాల దుకాణం వాళ్లు అట్టపెట్టెలు రోడ్డు మీద పేర్చి ఉంచారు. ముందుకు పోలేను. వెనక్కి రావాలంటే వెనక ఆటోలు. టిఫిను కోసం నిలబడ్డ తెలుగు కుర్రాళ్లు నన్ను గుర్తుపట్టి, "ఆంటీ, కుడికి కొట్టండి", "ఇంకా ఉంది, రానివ్వండి" అంటూ తలోవైపూ చేతులూపారు. అంతమంది ఒకేసారి చెబుతుంటే ఒక్కరి మాటా వినకూడదని అర్థమై, అద్దాలు మాత్రమే చూసుకుంటూ మెల్లగా వెనక్కి తెచ్చాను. పక్కనున్న దుకాణం ముందు బండి ఆపి దిగాను. డబ్బాలు నేనే దింపాను. మూతల మీద పిండి ఒక్క చుక్క లేదు.