మత్తడి నీళ్ళలో రాగితీగ చుట్టిన ఈక పురుగు

కిందటి వేసవిలో హిమాచల్‌లో ట్రౌట్ చేపల కోసం చల్లటి నదిలో మోకాళ్ళ దాకా నిలబడి, వట్టి చేతులతో తిరిగొచ్చాను. కారణం నాకు తెలుసు. నేను కట్టుకెళ్ళిన ఈక పురుగులు మరీ తేలిక. ఈక పురుగంటే నీటి అడుగున రాళ్ళ మధ్య పాకే పురుగులా కనిపించేలా చిన్న గాలం ముల్లుకు దారం, ఈక చుట్టి చేసే ఎర. చేపేమో అడుగున ఉంటుంది, నా ఎరేమో పైపైనే కొట్టుకుపోయింది. తర్వాత అత్తగారి ఊరు ఎల్లారెడ్డికి వెళితే మా బావ, అంటే మా ఆయన అన్న, "కోడీకకు చేప పడ్తదా? గంత దూరం పోయి చలికి వణికొచ్చినవ్, గంతే" అని చుట్టాలందరి ముందూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సెప్టెంబరులో మళ్ళీ హిమాచల్ వెళ్ళాలి. ఈసారి ముల్లుకు బరువు చుట్టి, పారే నీళ్ళలో చేప పట్టి చూసుకున్నాకే కదలాలనుకున్నాను. ఇది 2013 ఆగస్టు. వానలు దంచికొట్టి, ఎల్లారెడ్డి దగ్గర చెరువు నిండి మత్తడి దుంకుతోందని, అంటే అలుగు మీంచి నీళ్ళు పొర్లుతున్నాయని, ఫోనులో తెలియగానే సంచి సర్దేశాను. కొండ నదిలాంటి నీళ్ళు మనకు దొరికేది అప్పుడే.

సికింద్రాబాదు జూబ్లీ బస్టాండులో పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు గంటల్లోపే కామారెడ్డిలో దిగాను. టికెట్టు వంద లోపే అయింది. ఎల్లారెడ్డి బస్సుకు ఇంకా టైముంది. బరువు కోసం సన్నటి రాగితీగ కావాలి. లోవోల్టేజీకి బోరు మోటర్లు కాలిపోవడం అక్కడ రోజూ ఉండేదే కాబట్టి వైండింగు దుకాణం వెతుక్కోనక్కర్లేదు. బస్టాండు దగ్గర్లోనే ఒకదాంట్లో సత్తెయ్య అనే ఆయన కాలిన మోటరు ముందేసుకుని కూర్చున్నాడు.

"అన్నా, మూరెడు రాగితీగ కావాలె."

"ఏ మోటరుకు అక్కా?"

"మోటరుకు కాదన్నా, చేపకు."

ఆయన చేతిలో పని పక్కన పెట్టేశాడు. తీగ ఇవ్వడమే కాదు, కట్టేటప్పుడు చూస్తానని తన బల్ల మీది వైస్ కూడా ఖాళీ చేసిచ్చాడు. ముల్లును వైస్‌లో బిగించి, ముందు దారం పరిచి, నడుమ భాగంలో రాగితీగ దగ్గర దగ్గరగా చుట్టాను. వెనక కోడీక పోగులతో తోక, పైన పొలంలో రాలి దొరికిన నెమలీక పోగులతో ఒళ్ళు, మెడ దగ్గర మెత్తటి కోడీకతో కాళ్ళు. చివరి ముడి వేసి ముచ్చటగా చూసుకుంటుంటే, "ఆగక్కా" అంటూ సత్తెయ్య పురుగును ఊడదీసి, నేను వద్దనేలోపే వార్నిష్ డబ్బాలో ముంచేశాడు.

"వార్నిష్ లేని వైండింగు ఎన్నడన్న నిలుస్తదా?" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు.

ఈకలన్నీ అతుక్కుపోయి పురుగు కాస్తా చింతగింజలా తయారైంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నీళ్ళలో ఈక కదలకపోతే చేప దాన్ని పురుగనుకోదని చెప్తే పాపం నాలిక కరుచుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టి రెండు కట్టాను. ఈసారి అగ్గిపుల్ల కొసతో చివరి ముడి మీద మాత్రం చుక్క వార్నిష్ పెట్టాడు. ముడి రాయిలా బిగిసింది. బస్సు వెళ్ళిపోయింది, పోతే పోయింది.

తర్వాతి బస్సులో మక్కజొన్న చేన్లు చూసుకుంటూ గంటకు పైగా ప్రయాణించి ఎల్లారెడ్డి చేరాను. భోజనం కాగానే బావ తన బండి మీద చెరువుకు తీసుకెళ్ళాడు. చేపల సంఘం పెద్దమనిషిని అనుమతి అడిగితే, "ఈకతోనే గదా, పట్టుకోమ్మా" అని ఆయనా నవ్వాడు. మత్తడి కింద నీళ్ళు బండల మీద నురగలు కక్కుతూ పారుతున్నాయి. మొదటి పురుగు రెండో విసురుకే బండ సందులో ఇరుక్కుని తెగిపోయింది.

"ఇగ నడువ్, చాయ్ తాగుదాం" అన్నాడు బావ.

నేను కదల్లేదు. మిగిలింది ఒక్కటే. ఇదీ పోతే హిమాచల్ ఆశ వదులుకోవాల్సిందే. ఈసారి బండకు కాస్త ఎగువన వేసి, నీళ్ళు దాన్ని అడుక్కి తీసుకెళ్ళేదాకా ఓపిక పట్టాను. దారం పారుతూ పారుతూ ఆగింది. బండేమో అనుకుంటూ గాలం కర్ర ఎత్తాను. బండ గుంజింది! కర్ర విల్లులా వంగింది. అంతదాకా నవ్విన బావ, చెప్పులతోనే నీళ్ళలోకి దిగి "ఇడువకు, ఇడువకు!" అని అరుస్తున్నాడు. కాసేపటికి కిలోకు తగ్గని రవ్వ చేప ఒడ్డున పడింది. పై పెదవికి నా పురుగు, ఒక్క పోగు కూడా ఊడకుండా ఉంది. నేను అక్కడే గంతులేశాను, చూసేవాళ్ళు ఏమనుకుంటే నాకేం!

ఇంటికొచ్చాం. బండి దిగాక, "నాకొకటి కట్టియ్యరాదు?" అన్నాడు బావ మెల్లగా.

"కట్టియ్య బావా, నేర్పిస్త. కూసోండ్రి."

అసలు ట్రౌట్ నాకింకా పడలేదు. అయినా నేను చేసిన వస్తువును ఒక చేప నిజమని నమ్మిన ఆ క్షణాన్ని మించిన గెలుపు నాకు ఈ మధ్య తెలియదు. మీరూ కట్టుకుంటే ఒకటే మాట: తీగను ముల్లు నడుమే చుట్టండి, దారం దూరే కన్ను దగ్గర ముడికి చోటు వదలండి. కన్నుదాకా చుట్టేస్తే ముడి జారి పురుగంతా విడిపోతుంది. బావ కూడా మొదటి మూడూ అలాగే పాడు చేశాడు. నాలుగోది బాగా కుదిరింది. సెప్టెంబరు ప్రయాణానికి నాకూ మా ఆయనకూ తోడుగా ఇప్పుడు మూడో టికెట్టు బావదే.