మా ఆవిడ ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదంటే

నేను ఒకప్పుడు చేసిన తెలివితక్కువ పనికి సర్కారువారి ఫారంలో గడి లేదని మొన్ననే తెలిసింది. మా మేడమీద అద్దెకున్న అమ్మాయికి ఆరో నెల. ఆమె వివరాలు రాసుకోవడానికి వచ్చిన సర్వే పిల్ల, పైన తలుపు తీసేదాకా మా వరండాలో కూర్చుంటే, ఊరుకోలేని బుద్ధి కనుక ఆ కాగితం ఇలా ఇమ్మని చదివాను. గర్భిణి నెలనెలా పరీక్షకు వెళ్ళకపోవడానికి కారణమేమిటని ఒక ప్రశ్న, దాని కింద గళ్ళు: ఆసుపత్రి దూరం, ఖర్చు, తోడు లేకపోవడం, పెద్దల అభ్యంతరం, సూదంటే భయం. మా ఇంటి కారణం కనబడక, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

ఇరవై ఏళ్ళ పైమాట. ఛత్తీస్‌గఢ్‌లో మేముండే ఈ మోవా పేటలో అప్పటికింకా ఇళ్ళకన్నా ఖాళీ స్థలాలే ఎక్కువ. నేను ఊరవతల ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు చూసుకునేవాణ్ణి. మా ఆవిడ విజయనగరం దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి కొత్తగా వచ్చింది, హిందీ రాదు. మా అమ్మ మాతోనే ఉండేది. మా ఆవిడకు గర్భం, నాకు గర్వం. రెండూ నెలనెలా పెరిగాయి.

మొదటిసారి పరీక్షకు నేనే తీసుకెళ్ళాను. నర్సు ఏదో అడిగితే, నేను నోరు తెరిచేలోపల మా ఆవిడ, పక్కింటివాళ్ళ దగ్గర నేర్చిన నాలుగు ముక్కలూ కూడదీసుకుని, ధైర్యంగా తానే సగం తెలుగు, సగం హిందీ కలిపి జవాబు చెప్పింది. ఏమన్నదో ఇక్కడ రాయను, ఇప్పటికే దాన్ని చాలా అరగదీశాను. వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు, నర్సు నవ్వింది, అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. అంతటితో ఆగితే మనిషినే. ఆ మాటను ఫ్యాక్టరీ క్యాంటీనులో చెప్పాను, పండరీ బట్టల బజారులో చీరలు చూపిస్తున్న సేఠ్‌కి చెప్పాను, మన తెలుగువాళ్ళ వినాయక చవితి పందిట్లో అభినయంతో సహా చెప్పాను. ఆవిడ పక్కనే నిలబడి తానూ నవ్వేది కనుక, అదీ నవ్వే అనుకున్నాను.

మరుసటి నెల పరీక్ష రోజున అమావాస్య అడ్డొచ్చింది. ఆపై నెల అష్టమి. ఆ తర్వాత చుట్టాలొస్తున్నారన్నారు; వాళ్ళు రాలేదు, మేమూ వెళ్ళలేదు. ఈ సాకులన్నీ మా అమ్మ నోటి నుంచే రావడంతో నా పరిశోధన సులువుగా తేలిపోయింది: ముసలావిడ చాదస్తం. రక్తం పట్టే మాత్రలు ఆసుపత్రికి వెళితేనే ఇచ్చేవారు కనుక అవీ లేవు. పగలంతా ఇనుము కరిగించేవాడి ఇంట్లో ఇల్లాలి ఒంట్లో ఇనుము లేదు. ఒక ఆదివారం అమ్మను కూర్చోబెట్టి, సైన్సూ మూఢనమ్మకమూ అనే విషయంమీద గంటసేపు ఉపన్యసించాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విని, "సర్లేరా నాయినా, నాను మొద్దుదాన్ని," అని లేచి వెళ్ళిపోయింది.

ఎనిమిదో నెలలో నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మం ముందు ఆటో ఆగి ఉంది. మా వీధి అంగన్వాడీ దీదీ మా ఆవిడ పాదంమీద బొటనవేలితో నొక్కి చూపించింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఈ దీదీకి తెలుగు రాదు, మా ఆవిడకు ఛత్తీస్‌గఢీ రాదు, అయినా ఇద్దరూ గుమ్మంలో కూర్చుని గంటలు గంటలు ఏం మాట్లాడుకునేవారో నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. అప్పుడు కూడా మా ఆవిడ ఆటో ఎక్కడానికి జంకుతుంటే, అమ్మ చాదస్తానికి తోడు ఇదొకటా అనుకుని, సూదంటే ఇంత భయమైతే ఎలాగ అని నేను విసుక్కోబోతే దీదీ నావైపైనా చూడకుండా అంది:

"సూజీ లే నఈ డర్రాయ్ భయ్యా, తోర్ హాసీ లే డర్రాథే."

సూదికి కాదట, నా నవ్వుకట. నేను అమ్మవైపు చూశాను.

"పిల్ల ఏడ్సి అడిగితే అలాగ సెప్పీసినాను," అంది అమ్మ. "నీ నవ్వు కంటే అమాసే నయం కదేట్రా."

ఆసుపత్రిలో బీపీ చూసి డాక్టరమ్మ వెంటనే మంచమెక్కించింది. ఇంకో వారం ఆగి వస్తే తల్లీబిడ్డల ప్రాణాలకు తాను మాటివ్వలేకపోయేదాన్నని హిందీలో చెప్పింది. ఆ హిందీ నాకు బాగా అర్థమైంది. నన్ను దీదీ లోపలికి రానివ్వలేదు. పన్నెండు రోజులు ఆ వరండా బెంచీమీద కూర్చుని, లోపల మా ఆవిడ ఎవరితోనైనా మాట్లాడుతున్న చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. మొదటి రెండు రోజులూ దీదీ గొంతే వినిపించింది. నెల నిండకుండానే మా అమ్మాయి పుట్టింది. సన్నగా ఉన్నా గట్టిగా ఏడ్చింది.

ఇప్పుడు పరీక్ష తేదీని ఫోనే గుర్తుచేస్తుంది, పిలిస్తే బండి గుమ్మంలోకి వస్తుంది. దూరాలు నిజంగానే తగ్గాయి. గుమ్మంలో కూర్చుని పాదం నొక్కి చూసే తీరిక కూడా వాటితోపాటే తగ్గిందేమో, నాకు సరిగా తెలియదు.

ఆనాడు మా అమ్మాయి బారసాలలో భోజనాల దగ్గర మా అన్నయ్య, మరదలి ఆసుపత్రి హిందీ మరొక్కసారి వినిపించమన్నాడు. మా ఆవిడ పెరుగు వడ్డిస్తోంది. నేను లేచి, అభినయంలో ఏ లోటూ లేకుండా చెప్పాను; కాకపోతే ఆ మాట అన్నది నేనని చెప్పాను.

"అదేట్రా, మరదలు కదా అన్నాది?" అన్నాడు అన్నయ్య.

"పరువు పోతుందని ఆవిడమీదికి తోశానన్నయ్యా. అన్నది నేనే," అన్నాను.

పంక్తి పంక్తంతా నన్ను చూసి నవ్వింది. ఆనాడు ఆసుపత్రిలో అందరికన్నా గట్టిగా నవ్వినవాణ్ణి అప్పటినుంచీ ఇలా పదిమందిలో నవ్వులపాలు చేస్తూనే ఉన్నాను. మా అమ్మాయి కూడా అది నాన్న హిందీ అనే నమ్ముతుంది, మీరూ చెప్పకండి. మొన్న ఎవరో చుట్టాలకు చెబుతూ ఒక ముక్క తప్పు పలికితే, వంటింట్లోంచి మా ఆవిడ, "అలాగ కాదండీ మీరన్నది," అని సరిదిద్దింది.