ఏమీ కాని మనిషి సంతకం

కోరుట్ల జలపతి రావు గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. అనుమానం. పొద్దున లేచి అద్దం ముందు నిలబడితే, అందులోని మనిషిని ఎగాదిగా చూసి, అతను తానేనని నమ్మకం కుదిరాక గాని మీసం దువ్వుకునేవారు కాదు.

పాలలో నీళ్లు కలుపుతున్నాడని పాలవాణ్ణి మాన్పించి సొంతంగా బర్రెను కొన్నారు. కళ్లెదుటే పిండించారు. మొదటి చెంబు రుచి చూసి, కాసేపు ఆలోచించి, భార్య రంగనాయకమ్మను పిలిచారు.

"రంగనాయకీ, గీ బర్రె నీళ్లు జెర ఎక్కువనే తాగుతున్నది. చూసినవా?"

"ఇగ బర్రెతోని గూడ కొట్లాడుతరా?"

"కొట్లాడుడు గాదు. నిగా పెట్టాలె" అన్నారాయన.

కొండగట్టుకు పోతే ఒక చెప్పు మెట్ల దగ్గర విడిచేవారు, రెండోది కొబ్బరికాయల దుకాణం వెనక దాచేవారు. ఒంటి చెప్పును ఎవడూ ఎత్తుకుపోడని లెక్క. అంజన్న దర్శనం తొందరగానే అయ్యేది. చెప్పుల దర్శనానికే మధ్యాహ్నం దాటేది. రెండూ దొరికాక కూడా కాళ్లకు వేసుకుని నాలుగడుగులు నడిచి, "ఎవడో మార్చిండు. ఇది జెర వదులున్నది" అని ఇంటిదాకా గొణిగేవారు.

అసలు అవి అందరినీ అందరూ అనుమానించే రోజులు. ఎవరు పోలీసుల మనిషో, ఎవరు అడవిలోని అన్నల మనిషో తెలియక, కొత్త ముఖం కనబడితే జనం తలుపులు దగ్గరికి వేసుకునేవారు. జలపతి రావు గారు కూడా చాలామంది దొరల్లాగే ఊళ్లో భూములు బీడుగా పడావు పెట్టి కోరుట్లకు వచ్చి ఇల్లు తీసుకున్నారు. అయితే మిగతావాళ్లు భయం కొద్దీ అనుమానం నేర్చుకున్నవాళ్లు. ఆయన అంతకు ముందే అందులో ఆరితేరినవారు. ఎవరైనా "దొరా" అని పిలిస్తే, "అన్నలు వద్దన్నంక గూడ దొర అంటున్నడంటే వీనికి నాతోని ఏదో పనున్నది" అనేవారు. "సారూ" అంటే, "వీనికి ఎవరో నేర్పి పంపిండ్రు" అనేవారు. ఏమీ అనకుండా దండం పెట్టి పోయేవాణ్ణి సందు మలుపు తిరిగేదాకా చూసేవారు.

ఈ జబ్బే ఒకప్పుడు ఆయనకు అన్నం పెట్టింది. బొంబాయిలో బట్టల నేతకు సంబంధించిన పెద్ద చదువు చదివి, అక్కడి మిల్లుల్లో యంత్రాల తనిఖీ చేసేవారు. మిషను బాగుందని మేనేజరు చెబితే నమ్మకుండా తానే విప్పించి చూసేవారు కనుక మంచి పేరు వచ్చింది. ఉద్యోగం వదిలాక విప్పడానికి మిషన్లు లేక, మనుషులను విప్పి చూడటం మొదలుపెట్టారు.

అలాంటాయన సంతకం కోసం ఒక సంక్రాంతి ముందు సిరిసిల్ల రాజమౌళి రావలసి వచ్చింది.

రాజమౌళి సాంచాలు బాగుచేసే మేస్త్రీ. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఎంత ముసలి సాంచానైనా అతను దగ్గరగా చెవి పెట్టి విని, రెండు బోల్టులు బిగించి నడిపించేవాడు. ఎంత పనిమంతుడైనా ఏం లాభం? ఆ ఊళ్లో కరెంటు ఉన్ననాడు నూలు ఉండదు, నూలు ఉన్ననాడు కరెంటు ఉండదు. మునుపు బొంబాయి పక్కన భీవండిలో అతని పని చూసిన ఒక ఇంజినీరు కెనడాలో ఒక మిల్లులో చేరి, అక్కడి పాత మగ్గాలకు వైద్యం చేసేవాడు దొరక్క రాజమౌళి పేరు చెప్పాడు. మిల్లువాళ్లు రమ్మన్నారు. కాని ఇలాంటి పనితనం అరుదని ఒక నిపుణుడు రాసిస్తేనే అక్కడి సర్కారు రానిస్తుందట. ఆ నిపుణుడు ఇతనికి చుట్టం కాకూడదు, స్నేహితుడు కాకూడదు, యజమాని కాకూడదు. ఏమీ కాకూడదు. దసరాలోగా ఆ కాగితం చేరకపోతే మిల్లువాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు.

సిరిసిల్లలో నేత చదువు చదివినవాళ్లంతా రాజమౌళికి బావో, మామో, పనిచ్చే సావుకారో. ఎవరికీ ఏమీ కాని మనిషి మూడు ఊళ్లు వెతికితే జలపతి రావు గారు ఒక్కరే దొరికారు.

మన దగ్గర సిఫారసు లేనిదే డాక్టరుకు నాలుక కూడా చూపించరు. రాజమౌళి కూడా ఆ సంతకం కోసం ఒక సిఫారసును వెంట తెచ్చుకున్నాడు. జలపతి రావు గారి వీధిలోనే బట్టల దుకాణం పెట్టుకున్న మొగిలయ్య అతనికి మేనమామ.

"దండాలు సారూ. గీ పిలగాడు మా అక్క కొడుకు. మన మనిషే. జెర సంతకం పెట్టుండ్రి" అన్నాడు మొగిలయ్య.

"మన మనిషంటే ఎవని మనిషి?"

"నాకు సుట్టం. నేను మీకు తెలిసినోణ్ణి. గట్ల మీకు గూడ తెలిసినోడే అయితడు."

జలపతి రావు గారు మిల్లు కాగితం అటూ ఇటూ తిప్పి చదివారు. "సంతకం పెట్టెటోడు ఏమీ కావద్దని గిండ్ల రాసున్నది. నువ్వేమో సుట్టరికం మోసుకచ్చినవ్. గిది మోసం గాదా?"

 పని చెడిపోతోందన్న కంగారులో రాజమౌళి, "గీయన మా మామ గాదు సారూ!" అనేశాడు.

"అరే!" అన్నాడు మొగిలయ్య నోరు తెరిచి.

"సంతకం కోసం మేనమామనే కాదన్నోడు రేపు నన్ను గూడ కాదంటడు. నడువుండ్రి" అని జలపతి రావు గారు గేటు వేసేశారు. గేటు పడిందో లేదో రెండుసార్లు లాగి చూశారు. మొగిలయ్య చాలా రోజులు మేనల్లుడితో మాట్లాడలేదు.

మళ్లీ వచ్చినప్పుడు రాజమౌళి ఒక్కడే వచ్చాడు.

"ఎవరు నువ్వు?"

"మొన్న వచ్చిన రాజమౌళిని సారూ."

"నాకు తెల్వది."

"మొన్ననే గదా సారూ, మా మామతోని..."

"తెల్వదన్న! తెలిసినోడివైతే నేను కాగితం రాయరాదు."

రాజమౌళి బుర్రలో దీపం వెలిగింది. "నేను గూడ మిమ్ముల ఎన్నడు చూడలే సారూ."

"గట్ల చెప్పు. లోపలికి రా."

పెరట్లో, బర్రె కొట్టం పక్కన ఒక పాత సాంచా ఉంది. దాన్ని నడిపించి చూపమన్నారు. రాజమౌళి అంతా విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, తల గోక్కున్నాడు.

"ఒక ముక్క తక్కువైంది సారూ."

"అంటే? దొంగతనం నా మీద పెడుతున్నవా?"

"దొంగతనం గాదు సారూ. మీ జేబుల ఉన్నది. కొన కనబడుతున్నది."

ముక్క బయటికి వచ్చింది. సాంచా నడిచింది. బట్ట దిగింది. జలపతి రావు గారు దాన్ని ఎండకు పెట్టి చూశారు, గోటితో గీకారు, వాసన చూశారు.

"నడిచింది. కానీ ఎందుకు నడిచింది?"

"బాగు చేసిన గదా సారూ."

"గది నువ్వంటున్నవ్. మళ్ల రా, చూద్దాం."

అలా మొదలైంది. రాజమౌళి రావడం, "ఎవరు నువ్వు" అనిపించుకోవడం, కొత్తగా పరిచయం చేసుకోవడం, సాంచా విప్పడం. మధ్యలో ప్రశ్నలు. ఆ మిల్లు ఏ దిక్కున ఉన్నది? పాస్‌పోర్టు ఎవరి దగ్గర పెట్టుకుంటారట? మిషన్లను తిప్పే బెల్టు పట్టాలకు అడ్డం జాలీలు ఉన్నాయా లేవా? పడుకునే గదికి లోపల గొళ్లెం ఉందా? "నేను ఇంకా పోనే పోలే సారూ, నాకెట్ల ఎరుక?" అని రాజమౌళి ఏడుపు ముఖం పెట్టేవాడు.

ఆ ఇంట్లో చాయ్ తాగరాదు. తాగితే ఇచ్చిపుచ్చుకున్నట్టు అవుతుందట. రంగనాయకమ్మ వెనక గోడ మీద నుంచి చల్ల గ్లాసు అందించేది. "గోడవతల ఎవడు ఏం తాగినా నాకు తెల్వది!" అని ముందరి వాకిట్లోంచి ఆయన కేకవేసేవారు.

సిరిసిల్లలో రాజమౌళి భార్య ఇంద్రమ్మ మొగుణ్ణి దులిపేది. "గాయన సంతకం పెట్టడు, నువ్వు పోవుడు మానవు. దసరా రానే వచ్చె." రాజమౌళికి కూడా కడుపు మండిపోయేది. ముసలాయన ఆడుకుంటున్నాడని, తన బతుకు ఆయనకు పొద్దుపోని ఆట అయిందని బస్సులో తిట్టుకుంటూ పోయేవాడు.

సిరిసిల్ల నుంచి కోరుట్లకు వేములవాడ, చందుర్తి మీదుగా దారి. చందుర్తి దగ్గర పోలీసులు బస్సులు ఆపి సోదా చేసేవారు. సంచి నిండా ఇనప సామానుతో మాటిమాటికీ అటూ ఇటూ తిరుగుతున్న మనిషి మీద ఒకనాడు ఎస్సై కన్ను పడింది. ఎస్సై కోస్తా నుంచి వచ్చినవాడు.

"ఎక్కడికయ్యా రోజూ?"

"కెనడాకు సార్."

"కెనడాకు కోరుట్ల మీంచి వెళ్తారా?"

"కోరుట్లల జలపతి రావు సారు కాగితం రాయాలె సార్."

"ఆయనకు నువ్వు తెలుసా?"

 రాజమౌళి నాలుక అలవాటు కొద్దీ తిరిగింది. "తెల్వది సార్. తెలిస్తే రాయడు."

ఎస్సై అతన్ని జీపెక్కించాడు. ఆ కాలంలో ఠాణాకు పోయిన మనిషి ఎప్పుడు ఇల్లు చేరతాడో చెప్పగలిగేవారు లేరు. అయినా ఎస్సై న్యాయంగానే, ముందు జీపును కోరుట్ల పోనిచ్చి జలపతి రావు గారి గేటు ముందు ఆపించాడు.

"రావు గారూ, ఇతను మీకు తెలుసా? తెలుసంటే వదిలేస్తాను. తెలియదంటే ఠాణాకు తీసుకుపోతాను."

జలపతి రావు గారు రాజమౌళిని పైనుంచి కిందికి చూశారు. కిందినుంచి పైకి చూశారు. ఇంటి పొయ్యి మీదికి వచ్చిన పిల్లినైనా విచారించకుండా వదలని మనిషి. ఈ గొడవ నాకెందుకని ఇప్పుడు ఆయన తెల్వదంటాడని రాజమౌళి మనసులోనే ఇంద్రమ్మకు అప్పగింతలు పెట్టుకున్నాడు.

"తెలుసు" అన్నారాయన.

"ఎంత తెలుసు?"

"మా ఇంటి మనిషి. మా గోడ పక్కపొంటి చల్ల తాగుతడు. వీనికి సాంచా తప్ప ఇంకో దాని మీద మనసు లేదు. కావాల్నంటే నేను జామీనుంట."

ఎస్సై నవ్వాడు. "మీరా! మొన్న మా కానిస్టేబుల్ వస్తే, ఆ టోపీ నిజందేనా అని ఎండలో నిలబెట్టారట కదా. మీరు ఒకడికి జామీనా?"

"గందుకే నా మాట నమ్మాలె. ఊకె చెప్పెటోణ్ణి గాదని మీకు ఎరుకే."

ఎస్సై రాజమౌళిని కిందికి దింపాడు. జీపు వెళ్లిపోయింది. రాజమౌళి సంచి పక్కన పడేసి వాకిట్లోనే కూలబడ్డాడు.

"ఇగ కాగితం సంగతి మరిచిపో" అన్నారు జలపతి రావు గారు. "పోలీసు ముంగట మా ఇంటి మనిషివన్న. ఇప్పుడు నాకు ఏమీ గావని ఎట్ల రాయాలె? అబద్ధం రాయ."

అన్నాళ్ల కోపం రాజమౌళికి ఒక్కసారిగా పైకి వచ్చింది. "మొదలే రాసిస్తే అయిపోవు గదా సారూ! అనుమానించి అనుమానించి నా నోట్లె మన్ను కొడితిరి!"

రంగనాయకమ్మ ఇక ఊరుకోలేకపోయింది. లోపలినుంచి కొన్ని ఫొటోలు తెచ్చి అతని ఒళ్లో వేసింది.

"మా సారు అనుమానం నీ మీద గాదు కొడుకా. నువ్వు మొదటిసారి సాంచా నడిపిన్నాడే 'గీ చెయ్యి నేను బొంబాయిల గూడ చూడలే' అన్నడు. అనుమానం గా మిల్లు మీద. మన కోరుట్ల పక్క ఇబ్రహీంపట్నం దిక్కు ఎంతమంది ఏజెంట్ల మాట నమ్మి దుబాయి పోయి ఆగమైండ్రు? గందుకే మిల్లున్నదని చూపియ్యమని వాళ్లకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసిండు."

మొదటి ఫొటోలో ఒక తెల్లదొర మిల్లు ముందు నిలబడి నవ్వుతున్నాడు. ముందరి గోడ ఎవడైనా కట్టొచ్చని, వెనక నుంచి తీసి పంపమని జలపతి రావు గారు రాశారట. రెండో ఫొటోలో అదే దొర మిల్లు వెనక, మోకాలి లోతు మంచులో నిలబడి ఉన్నాడు. ఈసారి నవ్వడం లేదు. మిగతా ఫొటోల్లో పట్టాలకు అడ్డం కట్టిన జాలీలు, పడుకునే గది, దాని గొళ్లెం.

"మంచో, పత్తి కుప్పలో అని గూడ అడిగిన" అన్నారు జలపతి రావు గారు, దొరికిపోయినవాడిలా పక్కకు చూస్తూ. "మంచేనట. మిల్లున్నట్టే ఉన్నది. ఏం చూస్తున్నవ్? లే. జగిత్యాల పోదాం."

జగిత్యాలలో శశిధర్ రావు గారని, బొంబాయిలో ఆయనతో కలిసి చదివి మిల్లుల్లో పనిచేసినాయన ఉన్నారు. హాస్టల్లో జలపతి రావు గారి గొడుగు పోయిన నాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. గుమ్మంలో ఈయనను చూడగానే శశిధర్ రావు గారు, "ఏందిరా, గొడుగు దొరికిందా?" అన్నారు.

"దొరకలే. అనుమానం గట్లనే ఉన్నది."

"మరెందుకచ్చినవ్?"

"వీని పని చూడు. చూసి నీకు తోచింది రాయి. నేను వీని మనిషినైపోయిన, పనికిరాను."

శశిధర్ రావు గారు రాజమౌళిని దగ్గర్లోని ఒక సాంచా ముందు నిలబెట్టి, పని చేయించి, ప్రశ్న మీద ప్రశ్న వేసి, చివరికి తానే కూర్చుని కాగితం రాశారు. ఇస్తూ స్నేహితుడి వైపు చూశారు.

"గొడుగు కోసం నా మొకం చూడనోడివి, వీని కోసం నా గడప తొక్కినవా?"

"గొడుగు వేరు, మనిషి వేరు" అన్నారు జలపతి రావు గారు.

సామాను సంచి కోసం కోరుట్లకు వచ్చి, రాజమౌళి సిరిసిల్ల బస్సెక్కాడు. చూస్తే పక్క సీట్లో జలపతి రావు గారు.

"మీరెక్కడికి సారూ?"

"గా ఎస్సై మాట మీద నాకు నమ్మకం లేదు. చందుర్తి దాటించి వస్త."

చందుర్తి వచ్చింది. పోలీసులు లోపలికి తొంగి చూసి, రాజమౌళిని గుర్తుపట్టి, బస్సును పొమ్మని చెయ్యి ఊపారు.

"పోనిచ్చిండ్రు సారూ. ఇగ దిగుండ్రి, ఎదురు బస్సుకు ఇల్లు చేరుతరు."

"దినాము ఆపెటోళ్లు ఇయ్యాల ఎందుకు ఆపలే? ముందట ఇంకేదో ఉన్నది" అని జలపతి రావు గారు కండక్టరును పిలిచి సిరిసిల్లకు టికెట్టు తీసుకున్నారు. దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తుంటే, రాజమౌళి నవ్వుకుంటూ జరిగి, ఆయనకు కిటికీ పక్కన చోటిచ్చాడు.