పావంగుళం తక్కువైన చేయి

“చేతులు కొలిచి మనుషుల్ని తీసుకోడానికి మనమేమన్నా చొక్కాలు కుట్టేవాళ్ళమా?” అంటున్నాడు హాడిక్స్.

“కొలవమని రూలు పెట్టిందెవరు పెద్దాయనా? మీరే కదా,” అన్నాడు అతని పైఅధికారి వాస్.

గోడకు ఇవతల వీడియో గదిలో కూర్చుని నేనంతా వింటున్నాను. చాటుగా విన్నందుకు నాకేం సిగ్గులేదు. లూయీవిల్‌లో మా జట్టు ఆఫీసుకు బయట మెరిసే అద్దాలు పెట్టారు గానీ లోపల గోడలు అట్టముక్కలు. ఆటల వీడియోలు ముక్కలుగా కోసి, కొత్త ఆటగాళ్ళను వెతికే స్కౌట్లకు ఇవ్వడం, మార్చి ఏప్రిల్ నెలల్లో వాళ్ళను కారులో తిప్పడం నా పని. కాలేజీ రెండో ఏడు మానేసి ఇందులో చేరాను. తెలియని సంగతులు తెలిసినట్టు మాట్లాడేవాళ్ళను అక్కడా చూశాను, ఇక్కడా చూశాను. ఇక్కడివాళ్ళు టోపీలు పెట్టుకుంటారు, అంతే తేడా.

ఆరిన్ హాడిక్స్‌కు అరవై మూడేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఒహాయో, కెంటకీ, వెస్ట్ వర్జీనియా కాలేజీలు తిరిగి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్ళను చూసి, వీడు మనకు పనికొస్తాడు, వీడు రాడు అని రిపోర్టులు రాయడమే అతని బతుకు. సంతలో కోడెదూడ పళ్ళు చూసే బేరగాడికీ ఇతనికీ పోలిక చెబితే బేరగాడికి కోపం రావాలి. బేరగాడు కొన్న దూడను తీసుకెళ్ళి మేపుతాడు. మావాళ్ళు కొన్నదాన్ని మేపరు, అది బక్కచిక్కితే అమ్మినవాణ్ణి తిడతారు.

మెడలో స్టాప్‌వాచ్ లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. కూతురి పెళ్ళికి కూడా అది వేసుకునే వెళ్ళాడట. చర్చిలో పెళ్ళికూతురు నడిచి రావడానికి ఎంతసేపు పట్టిందని ఎవరో వేళాకోళానికి అడిగితే, పంతొమ్మిది సెకన్లు, మొదటి అడుగు నెమ్మది అన్నాడట. అతని రిపోర్టుల మీద, మాంసం ముక్కలు కూరిన పెపరోని రొట్టె నూనె మరకలుంటాయి. ఆ మరకలే మిగతా స్కౌట్ల రిపోర్టులకంటే నిజాయితీగా ఉంటాయని నాకనిపించేది. కనీసం అవి స్టేడియంలో పడ్డ మరకలు.

వాస్ మాటలో అబద్ధం లేదు. పదకొండేళ్ళ కిందట హాడిక్స్ ఒక పొట్టిచేతుల కుర్రాణ్ణి ఆకాశానికెత్తి తీసుకొచ్చాడు. ఎడమ టాకిల్ స్థానం కోసం. బంతి విసిరేవాడి వెనుకవైపు, వాడి కంటికి ఆనని పక్క కాపలా కాసే స్థానం అది. మూడో ఆటలోనే ఎదుటివాడు ఆ కుర్రాణ్ణి దాటుకొచ్చి మా బంతి విసిరేవాడి మోకాలు విరగ్గొట్టాడు. ఆ ఏడాది అక్కడితో సరి. ఆ కుర్రాడికి అడుగు ఎలా వెయ్యాలో, చేతులు ఎప్పుడు ఎత్తాలో ఎవరు నేర్పారని ఒక్కడూ అడగలేదు. ఎవరూ నేర్పలేదు గనక ఆ ప్రశ్న ఎవరికీ నచ్చదు. తప్పంతా చేతి పొడవు మీదికి నెట్టి ఊపిరి పీల్చుకున్నారు. అందరికంటే ముందు హాడిక్సే భయపడి రూలు రాశాడు: భుజం ఎముక నుంచి నడిమివేలి కొసదాకా ముప్పై మూడంగుళాలు లేనివాడు టాకిల్ జాబితాలో ఉండకూడదు. లోపలి వరసలో నిలబడే గార్డుల జాబితాలోకి పోవాలి.

ఇప్పుడు ఆ రూలే అతని మెడకు చుట్టుకుంది. కోల్బీ రాట్లిఫ్ అని వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక చిన్న కాలేజీ కుర్రాడు. మూడేళ్ళలో వాణ్ణి దాటి బంతి విసిరేవాడి మీద చెయ్యి వేసినవాడు లేడు. వాడి ఆటలన్నీ కోసింది నేనే, నాకు తెలుసు. మార్చిలో అక్కడికి వెళ్ళినప్పుడు టేపు పట్టుకున్నదీ నేనే. ముప్పై రెండూ ముప్పావు వచ్చింది. హాడిక్స్ మూడుసార్లు కొలిపించాడు. నాలుగోసారికి ఆ కాలేజీ కోచ్ దగ్గరికొచ్చి, టేపు కొస భుజం మీద కాస్త వెనక్కి పెడితే పోలా, అందరూ చేసే పనేగా అన్నాడు. హాడిక్స్ టేపు చుట్టేసి ముప్పై రెండూ ముప్పావు అనే రాశాడు.

నీతి అని మురిసిపోకండి. తన రూలు తప్పని ఒప్పుకోడానికి అహం అడ్డొచ్చింది, అబద్ధం రాయడానికి మనసు రాలేదు. రెండూ చేతకాక తిరుగుదారి పొడుగునా కారులో వాస్‌ను తిట్టాడు.

గ్రేడన్ వాస్‌కు ముప్పై ఏడేళ్ళు. స్కౌట్లందరికీ పెద్ద. వానలో నిలబడి ఒక్క సాధన ఆట చూసిన పాపాన పోలేదు, కానీ ప్రతి కుర్రాడికీ అతని కంప్యూటర్లో ఒక అంకె ఉంటుంది. ఆ రోజు గోడ అవతల హాడిక్స్ చివరికి గొంతు తగ్గించి, ఈ ఒక్కడికి రూలు పక్కన పెట్టమన్నాడు. అలా అయితే రూలెందుకు అన్నాడు వాస్. మే నెలలో మీ కాంట్రాక్టు అయిపోతుందిగా, ఈ ఒక్క డ్రాఫ్ట్ మర్యాదగా గడిపేద్దాం అని కూడా అన్నాడు. మా వృత్తిలో స్కౌట్లను పీకేది, ఏటా జట్లు కొత్తవాళ్ళను పంచుకునే ఆ డ్రాఫ్ట్ అయిన వారంలోనే. పాలు పిండుకునేదాకా ఆవును తోలెయ్యరు కదా.

డ్రాఫ్ట్ మూడో రోజు శనివారం. జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళను ఏరుకుంటున్నాయి. మాకు కావలసింది ఎడమ టాకిల్. పాతవాడు ఆట మానేశాడు. గార్డులు ముగ్గురున్నారు, చాలు. అయిదో వంతులో వాస్ ముప్పై అయిదంగుళాల చేతులవాణ్ణి ఒకణ్ణి తీసుకున్నాడు. మోకాలు వంచడం రాదు. తాటిదూలానికి చొక్కా తొడిగినట్టుంటాడు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళ అంకెల్లో వాడు చాలా బాగున్నాడు.

ఆఖరిదైన ఏడో వంతు ముగిసింది. ముప్పై చిల్లర జట్లలో ఒక్కటీ రాట్లిఫ్ పేరు పలకలేదు.

ఆ తర్వాత అరగంట చూడాలి. ఎవరూ తీసుకోని కుర్రాళ్ళ కోసం అన్ని జట్ల స్కౌట్లూ ఒకేసారి ఫోన్ల మీద పడతారు. పొద్దుట్నుంచీ పనికిరాడన్నవాణ్ణే అప్పుడు నాయనా, బంగారం అంటారు. వాస్ నవ్వుతూ హాడిక్స్ కుర్చీ దగ్గరికొచ్చాడు.

“మీవాణ్ణి పట్టండి పెద్దాయనా. గార్డుగా. వాడికి మీరంటే గురి. వాడు సంతకం పెడితే మీ కాంట్రాక్టు మాట నేను పైవాళ్ళతో మాట్లాడతాను.”

నాలుగో గార్డు ఎందుకో గదిలో అందరికీ తెలుసు. వేసవి సాధనలో గుద్దించుకోడానికి ఒళ్ళు కావాలి. ఆగస్టులో సంచీ చేతికిచ్చి ఇంటికి పంపుతారు.

హాడిక్స్ లేచి నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. రాట్లిఫ్‌తో అప్పటికే మాట్లాడాడట. ఉత్తరాన ఇంకో జట్టు కూడా వాణ్ణి పిలిచింది. టాకిల్‌గానే ఆడిస్తామంటోంది. పావుగంటలో చెప్పమంది. అక్కడి కోచ్ ఒక ముసలాయన. పొట్టిచేతుల వాళ్ళకు చేతులకంటే ముందు కాళ్ళు నేర్పి ఇద్దరిని నిలబెట్టాడు. అయినా కుర్రాడు హాడిక్స్‌తో, మీరు రమ్మంటే మీ దగ్గరికే వస్తాను సార్, మొదట నన్ను చూడ్డానికి వచ్చింది మీరే అన్నాడట. పది నిమిషాల్లో ఫోన్ చేస్తానని చెప్పి పెట్టేశాడు ఇతను. అందులో ఆరు నిమిషాలు అయిపోయాయి.

కుర్రాణ్ణి అమ్మేస్తాడనే అనుకున్నాను. ఇక్కడ అందరూ అమ్మేవాళ్ళే.

“రమ్మనండి మరి. మీ కాంట్రాక్టు మిగులుతుంది,” అన్నాను.

“నోరు ముయ్యరా పండితుడా,” అన్నాడు.

తన ఫోన్ టేబుల్ మీద బోర్లించి, నా ఫోన్ వైపు వేలు చూపించాడు. అది జట్టు ఇచ్చిన ఫోన్, ఎవరితో ఏ నిమిషంలో మాట్లాడిందీ వాస్‌కు తెలిసిపోతుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న మనిషికి, తిండి పెట్టే జట్టుకు ద్రోహం చెయ్యాల్సి వచ్చేసరికి తన నోరు పనికిరాలేదు. కాలేజీ మానేసినవాడి నోరు కావాల్సి వచ్చింది. అదే మాట అతని మొహం మీదే అన్నాను. అవునన్నాడు.

“నీ ఫోన్ తియ్యి. రాట్లిఫ్‌కి చెయ్యి. నా పేరు చెప్పకు. ఉహుఁ, చెప్పు, లేకపోతే నమ్మడు. ఇక్కడికి రావద్దని చెప్పు. ఆ ఉత్తరాదివాళ్ళ దగ్గర సంతకం పెట్టమను.”